పాత రైలు పెట్టెను బాగుచేయడమంటే పాత చెక్కను పారేయడం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. చెక్కతో కట్టిన పాతకాలపు రైలు పెట్టెను బాగుచేసి ప్రదర్శనకు పెట్టారన్న వార్త వచ్చినప్పుడల్లా రెండు ఫొటోలు పక్కపక్కన వేస్తుంటారు. మొదటిదానిలో రంగు ఊడి, అద్దాలు పగిలి, పలకలు నోళ్లు తెరిచిన పెట్టె. రెండోదానిలో ధగధగలాడే వార్నిష్. ఈ రెండింటి మధ్య పాత చెక్క ఎంత మిగిలింది, ఎంత పోయిందన్న లెక్క మాత్రం వార్తలో ఉండదు. చాలాసార్లు ఆ లెక్క పని చేయించినవాళ్ల దగ్గరా ఉండదు. చక్రాలూ ఇనుప సామానూ పాతవే అయి, పైన ఉన్న ఒళ్లంతా నిరుడు కోసిన కలపే అయితే మనం చూస్తున్నది నకలు. నకలు చేయించుకోదలిస్తే చేయించుకోవచ్చు. దానికోసం అసలును విప్పి కట్టెల కింద అమ్మడమే మా అభ్యంతరం.

చెక్క పెట్టెల కాలం మనం అనుకున్నంత చిన్నదేమీ కాదు. అమెరికాలో రైలు పెట్టెలు కట్టే పుల్‌మన్ కంపెనీ మొదటి పూర్తి ఉక్కు స్లీపర్ పెట్టెను 1907లో తయారుచేసింది. బ్రిటన్‌లో ఎల్ఎన్ఈఆర్ రైల్వే 1940ల మొదటి దాకా టేకు పలకల పెట్టెలు కడుతూనే ఉంది. మన దేశంలో పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955లో మొదలయ్యాక పూర్తి ఉక్కు పెట్టెలు పెరిగాయి. అంతకుముందు అడుగు చట్రం ఇనుముదైనా దాని మీది ఒళ్లు చెక్కదిగా ఉండడం మామూలు. అమెరికాలోనైతే అడుగు దూలాలు కూడా కలపవే: పొడవాటి దూలాలకు లాంగ్‌లీఫ్ పైన్, అడ్డ దూలాలకూ గుంజలకూ తెల్ల ఓక్, బయటి సన్నపలకలకు పాప్లర్, లోపల మహాగని. ఏ భాగానికి ఏ కలప అన్నది ఆ వడ్రంగులు ఆలోచించి ఎంచుకున్నదే.

ఆ కలప ఇప్పుడు బజారులో దొరకదన్నది మొదట గుర్తుంచుకోవాలి. నూరేళ్ల కిందట కోసిన పైన్, ఓక్ చాలావరకు తోపుల్లో పెంచినవి కావు, అడవిలో నీడన నిదానంగా పెరిగినవి. వాటి వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, చేవ ఎక్కువ, తెల్లచెక్క తక్కువ. తోటల్లో త్వరగా పెంచిన చెట్టు కలపకు ఆ మన్నిక రాదు. లాంగ్‌లీఫ్ పైన్ అడవులు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలకే చాలావరకు నరికివేతకు గురయ్యాయి. టేకుకు పేరుపడ్డ మయన్మార్ 2014లో దుంగల ఎగుమతిని నిషేధించింది. పెద్దాకు మహాగని 2003 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. కాబట్టి "పాతది తీసేసి మంచిది వేశాం" అని ఎవరైనా అంటే, తీసేసినదే మంచిదయ్యే అవకాశం ఎక్కువ.

మన్నిక సంగతి అలా ఉంచినా, ఆ చెక్క మీద రాత ఉంటుంది. బీడింగ్ వెనక పెన్సిల్ గుర్తులు, కుసి (పక్క చెక్క బెజ్జంలో దిగేలా చెక్కిన కొస) పక్కన ఉలితో కొట్టిన వరస అంకెలు, ఎప్పుడో తీసేసిన సామాను అర తాలూకు స్క్రూ బెజ్జాలు, అడ్డుగోడ ఒకప్పుడు ఎక్కడుందో చూపే గాడి. రంగు పొరలైతే ఆ పెట్టె ఏ కంపెనీ కింద, ఏ తరగతిలో, ఏ రంగులో నడిచిందో వరసగా చెబుతాయి. ఈ సాక్ష్యం డ్రాయింగుల్లో ఉండదు. కర్మాగారం డ్రాయింగు ఎలా కట్టాలనుకున్నారో చూపిస్తుంది, ఎలా కట్టారో చెక్కే చూపిస్తుంది. రెండూ ఒకటి కాని సందర్భాలు తక్కువేమీ కాదు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ, పోయిన భాగం స్థానంలో పెట్టినది అసలుతో కలిసిపోతూనే తేడా తెలిసేలా ఉండాలనీ పాత కట్టడాల సంరక్షణ సూత్రాలు రాసిన 1964 నాటి వెనిస్ పత్రం చెప్పింది. ఐరోపా వారసత్వ రైళ్ల సంఘాల సమాఖ్య ఫెడెక్‌రైల్ 2005లో ఆమోదించిన రీగా పత్రం ఈ దృష్టినే నడిచే రైళ్లకూ వర్తింపజేసింది. అంటే ఇదంతా మా చాదస్తం కాదని మనవి.

ఇక పని సంగతి. పెట్టె దొరకగానే విప్పడం మొదలుపెట్టడం మొదటి తప్పు. ముందు వాన ఆపాలి. అదీ ప్లాస్టిక్ టార్పాలిన్ ఒంటికి అంటుకునేలా చుట్టి కాదు. అలా చుడితే పగటి వేడికి లోపలి తేమ ఆవిరై, రాత్రి చల్లబడి ప్లాస్టిక్ లోపలివైపు నీరుగా పట్టి, మళ్లీ చెక్క మీదే కారుతుంది. కప్పుకీ టార్పాలిన్‌కీ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండేలా కర్రల చట్రం కట్టి, రెండు చివరలూ గాలి ఆడేలా వదలాలి. తర్వాత మొనలున్న తేమ మీటరుతో అడుగు పట్టె, గుంజల అడుగు, కిటికీల కింద, కప్పు అంచు వెంట కొలిచి రాసుకోవాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం బూజుకుళ్లు సాగదు. 28, 30 శాతానికి చేరితే దానికి పండగే.

తడిసిన పెట్టెను షెడ్డులోకి తెచ్చి హీటర్లు పెట్టడం రెండో తప్పు. చెక్క పొడవునా దాదాపుగా కుదించుకోదు, అడ్డంగా కుదించుకుంటుంది. అందులోనూ వలయాల వెంట కుదింపు, వలయాలకు అడ్డంగా ఉండే కుదింపుకి సుమారు రెట్టింపు. వలయాల వెంట కోసిన 100 మిల్లీమీటర్ల వెడల్పు టేకు పలక 22 శాతం తేమ నుంచి 12కి దిగితే దాదాపు 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. స్క్రూలు, తుప్పు, రంగు కలిసి రెండు అంచులూ బిగబట్టి ఉంటే ఆ 2 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి రావాలి? మధ్యలో నిలువునా పగులుతుంది. నిన్నటి దాకా బాగున్న పలకను మనమే చెడగొట్టి, ఆ పగులు చూపించి "పనికిరాదు" అని రాసేస్తాం. వారాలకు వారాలు గాలి ఆడే నీడలో ఆరనివ్వడానికి ఖర్చు లేదు, ఓపికే కావాలి.

ఆరుతున్న రోజుల్లో నమోదు పని చేసుకోవచ్చు. ప్రతి భాగానికీ ఒక సంకేతం: ఏ పక్క, ఎన్నో గది, ఎన్నో గుంజ, పైనా కిందా. కాగితం చీటీలు, సుద్ద రాతలు షెడ్డులో నెల తిరక్కుండానే మాయమవుతాయి. పలచని అల్యూమినియం బిళ్ల మీద అంకెలు గుద్ది, కనిపించని ముఖాన చిన్న ఇత్తడి మేకుతో కొట్టడం మేలు. స్క్రూలను కూడా తీసినచోటి సంకేతంతో విడివిడి సంచుల్లో వేయాలి. "అన్నీ ఒకే సైజే కదా" అని డబ్బాలో పోసినవాళ్లు బిగించేటప్పుడు తెలుసుకుంటారు, అన్నీ ఒకే పొడవు కాదని. పొడవాటి స్క్రూ పలచని చోట పడితే అవతలి వెనీర్ (పైన అతికించిన పలచని చెక్క పొర) లోంచి మొన బయటికొస్తుంది.

ఇప్పుడు కుళ్లు ఎక్కడ ఉంటుందన్నది. పెట్టె అంతా సమానంగా పాడవదు. నీరు నిలిచే చోట, చెక్క పోగు కొస (పొడవుకు అడ్డంగా కోసిన ముఖం) బయటపడే చోట పాడవుతుంది. అన్నిటికన్నా ముందు చూడాల్సింది తలుపు గుంజ అడుగు. కిందికి జారే కిటికీ ఉన్న తలుపులో అద్దం పక్క సందులోంచి వాననీరు లోపలికి దిగడం మామూలే. కట్టినవాళ్లకు అది తెలుసు, అందుకే తలుపు అడుగున నీరు పోయే బెజ్జాలు పెట్టారు. ఏళ్ల తరబడి దుమ్ము, పొరమీద పొర రంగు చేరి ఆ బెజ్జాలు పూడుకుపోతాయి. నీరు తలుపు అడుగు పట్టెలో నిలిచి, అక్కడి నుంచి గడప మీది ఇత్తడి రేకు కిందికి చేరుతుంది. రేకు ఉంది కాబట్టి ఎండ తగలదు, ఆరదు. ఆ రేకు కిందే గుంజ కుసి అడుగు పట్టె బెజ్జంలో కూర్చుని ఉంటుంది. పోగు కొస నీటిని పలక ముఖం కంటే ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది. కాబట్టి గుంజ పైనంతా రాయిలా ఉండి, అడుగు జానెడు మాత్రం వేలితో గుచ్చితే దిగిపోయేంత మెత్తగా ఉంటుంది. దీన్ని చూసి గుంజ మొత్తం మారుస్తారు. పక్కనే మూసుకుపోయిన బెజ్జం అలాగే ఉంటుంది. కొత్త గుంజకూ అదే గతి పడుతుంది, ఇంకాస్త త్వరగా, ఎందుకంటే కొత్త కలపకు పాతదానంత చేవ ఉండదు.

పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కొయ్యసుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్నని ఆరె గుచ్చి పైకి ఎత్తి చూడాలి. మంచి చెక్క పొడవాటి పేడుగా లేస్తుంది, కుళ్లినది పొట్టిగా తుంపులు తుంపులుగా విరుగుతుంది. గోధుమరంగులో చిన్న చిన్న ఘనాలుగా పగిలి ఉంటే అది బూజుకుళ్లు. పొడి రాలుతున్న గుండ్రటి బెజ్జాలుంటే పురుగు. పాత బెజ్జాలన్నీ బతికున్న పురుగుకు గుర్తు కావు. కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూస్తే కొత్త పొడి రాలుతోందో లేదో తెలుస్తుంది. ఎక్కువ బరువు మోసే దూలాల్లో లోపలి సంగతి తెలియాలంటే సన్నని సూది దింపి ప్రతిఘటనను గీతగా చూపే డ్రిల్లు పరికరం వాడతారు. అది చేసే బెజ్జం 3 మిల్లీమీటర్లు మించదు.

నడుము వంగిన పెట్టె విషయం కాస్త ప్రత్యేకం. అమెరికా తరహా చెక్క చట్రాల కింద పొడవునా ఇనుప ట్రస్ రాడ్లు ఉంటాయి, మధ్యలో టర్న్‌బకిళ్లతో (తిప్పితే రాడ్డును బిగించే మర జోడింపులతో) బిగిస్తారు. కలప ముదిరి కుదించుకున్నకొద్దీ ఇవి వదులై నడుము దిగుతుంది, చక్రాల బోగీలకు అవతలున్న రెండు కొసలూ వాలతాయి. కొందరు పెద్ద స్పానర్ తీసుకుని టర్న్‌బకిల్ తిప్పి ఒక్క పూటలో నిటారు చేయబోతారు. ఏళ్ల తరబడి ఆ వంపుకి అలవాటుపడిన కుసులు చిట్లిపోతాయి, గుంజలు నెర్రెలిస్తాయి. ముందు పక్క దూలం వెంట తీగ లాగి వంపు కొలవాలి. అడ్డ దూలాల కింద జాకీలు పెట్టి, విడతకు 2, 3 మిల్లీమీటర్లకు మించకుండా ఎత్తి, ఒకటి రెండు రోజులు ఆగి, తలుపు చట్రాలను మూల నుంచి ఎదురు మూలకు కొలుచుకుని మళ్లీ ఎత్తాలి. బరువు జాకీ మీద ఉండగానే టర్న్‌బకిల్ వదులు తీయాలి. రాడ్డుతో లాగకూడదు, రాడ్డు చేత పట్టించుకోవాలి. అదీ గాక నడుం పూర్తిగా నిటారు కావాలన్న పట్టుదల అనవసరం. తలుపులు మూసుకుని, అద్దాలు జారితే చాలు.

విప్పడంలో చెక్కకు జరిగే నష్టం కుళ్లు చేసిన నష్టం కంటే ఎక్కువని మా అభిప్రాయం. బీడింగును సందులో ఉలి దూర్చి లేపకూడదు, అంచు చిట్లుతుంది. దాన్ని పట్టి ఉంచిన సన్న మేకుల్ని సన్నని పంచ్‌తో లోపలికి పూర్తిగా కొట్టేస్తే బీడింగు దానంతటదే వదులవుతుంది. ఊడిన ముక్కలో మిగిలిన మేకుల్ని వెనక నుంచి పటకారుతో లాగాలి. వెనక నుంచి ముందుకి కొడితే తల వెంట చెక్కా లేస్తుంది.

స్క్రూల దగ్గర తొందర పనికిరాదు. ముందు తల గాడిలోని రంగును గీకి శుభ్రం చేయాలి. గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పు, మందం ఉన్న స్క్రూడ్రైవర్ కావాలి. మొదట బిగించే వైపు కొద్దిగా తిప్పాలి. తుప్పు పట్టు అక్కడ విడుతుంది. విడవకపోతే వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద ఒకటి రెండు నిమిషాలు పెట్టి, చల్లారాక మళ్లీ ప్రయత్నించాలి. ఇనుము వ్యాకోచించి సంకోచించడంతో తుప్పు పొర పగులుతుంది. అయినా రాకపోతే తల చుట్టూ తిరిగే గొట్టపు రంపంతో స్క్రూను చెక్క బిళ్లతో సహా బయటికి తీసి, ఆ బెజ్జంలో అదే జాతి కలప బిళ్లను పోగు దిశ కలిపి అతికించాలి. తిరిగి బిగించేటప్పుడు ఓక్‌లో ఇత్తడి స్క్రూను నేరుగా తిప్పితే మెడ తెగుతుంది. ముందు అదే సైజు ఉక్కు స్క్రూతో మర కోసి, దాన్ని తీసి, మైనం రాసిన ఇత్తడిది వేయాలి. సబ్బు రాసే అలవాటు మంచిది కాదు, అది తేమను పట్టి తుప్పు తెస్తుంది.

ఇనుమూ ఓకూ పక్కపక్కన ఉండడం కూడా ఒక జబ్బే. ఓక్‌లోని టానిన్, తుప్పు కలిసి నల్లటి మరక అవుతుంది, కాలక్రమంలో బోల్టు చుట్టూ చెక్క పొడిబారి మెత్తబడుతుంది, బోల్టూ సన్నబడుతుంది. అలాంటి బెజ్జాన్ని గట్టి చెక్క తగిలేదాకా పెద్దది చేసి, చుట్టుపక్కల చెక్క పోగు దిశకు కలిసేలా కోసిన బిళ్లతో నింపి, మళ్లీ అసలు స్థానంలోనే బెజ్జం వేయాలి. బెజ్జాన్ని పక్కకు జరిపితే పాత సాక్ష్యం పోతుంది, చెక్క బలమూ తగ్గుతుంది. పైకి కనిపించే నల్ల మరకను ఆక్జాలిక్ ఆమ్లం ద్రావణంతో తగ్గించవచ్చు. అది విషం, చేతి తొడుగులు వేసుకోవాలి, తర్వాత నీటితో బాగా కడగాలి, ముందు ఒక మూల ప్రయత్నించి చూడాలి.

అతుకు విషయంలో లెక్క ఇది. బరువు మోసే చోట ఏటవాలు అతుకు వాలు కనీసం 1కి 8 ఉండాలి: 75 మిల్లీమీటర్ల మందపు గుంజకు 600 మిల్లీమీటర్ల పొడవు అతుకు. "అంత పొడవు మంచి చెక్క కోయాలా?" అని అడుగుతారు. గుంజ మొత్తం పోవడం కన్నా నయమే కదా. పొడవు దొరకని చోట మెట్టు కోసి బోల్టులు వేసే అతుకులు ఉన్నాయి. బయటి పక్క అతుకు గీత నీరు బయటికి జారేలా వాలాలి. లోపలికి వాలితే అతుకే నీటిని పట్టుకునే గిన్నె అవుతుంది. కొత్త ముక్క అదే జాతిది, తేమ పాతదానితో ఒకటి రెండు శాతం తేడాలో ఉండాలి, వలయాల దిశ కలవాలి. లేకపోతే మొదటి వానాకాలంలోనే అతుకు గీత చేతికి తగులుతుంది. టేకుకు సహజమైన నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు పెట్టాలి. మర్నాటికి వదిలితే నూనె మళ్లీ పైకొస్తుంది. బయట, బరువు మోసే చోట ఎపాక్సీ. పాళ్లు త్రాసులో తూచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. లోపలి అలంకరణ పనికి మాత్రం జంతు జిగురే మేలు. వేడి, తేమ తగిలిస్తే వదులుతుంది కాబట్టి రేపు ఇంకొకరు విప్పి సరిచేయగలరు. అతుకు ముక్క వెనకవైపు సంవత్సరం గుద్దడం మరచిపోకూడదు.

కుళ్లిన భాగం తీశాక చుట్టుపక్కల మిగిలిన చెక్కకు బూజునూ పురుగునూ ఆపే బోరేట్ మందు ఇవ్వొచ్చు. పైన పూస్తే కొద్ది లోతుకే పోతుంది. కుసి దగ్గర చిన్న బెజ్జాలు చేసి బోరేట్ కడ్డీలు పెడితే, అక్కడ తేమ చేరినప్పుడే అవి కరిగి పాకుతాయి. వాన కడిగే ముఖాన మాత్రం నిలవవు, పైన రంగు తప్పదు.

పుచ్చిన చోట ఎపాక్సీ పోసి గట్టిపరిచే పద్ధతి మీద మాకు పెద్దగా నమ్మకం లేదు. కిటికీ పట్టె మూల వంటి చిన్న చోట, చెక్క పూర్తిగా ఆరి ఉంటే సరే. తడి చెక్క మీద పోస్తే తేమను లోపల బంధించినట్టే. గట్టిపడ్డ ఎపాక్సీ కదలదు, చుట్టూ చెక్క కదులుతుంది, రెంటి మధ్య వెంట్రుకంత సందు తెరుచుకుని నీరు దిగుతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే వెనక కుళ్లుతుంది. బరువు మోయని చెక్కడాలకు, పురుగు తిన్న లోపలి నగిషీలకు ఎసిటోన్‌లో 5 నుంచి 10 శాతం కరిగించిన పారాలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్ వాడడం మంచిది. అవసరమైతే తర్వాత అదే ద్రావకంతో చాలావరకు కరిగించి తీయవచ్చు.

రంగు, పాలిష్ తీయడంలో జరిగే నాశనం గురించి గట్టిగానే చెప్పాలి. ఇసుక పేల్చడం వల్ల మెత్తటి వలయాలు కొట్టుకుపోయి గట్టివి పక్కటెముకల్లా తేలతాయి. కాస్టిక్ సోడా తొట్టిలో ముంచితే రంగుతోపాటు జిగురూ ఊడుతుంది, టేకు, ఓక్, మహాగని నల్లబడతాయి, పోగు లేస్తుంది, లోపల మిగిలిన క్షారం కొత్త వార్నిష్‌ను ఏడాదిలో పొక్కిస్తుంది. లోపలి గోడల వెనీర్ చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. యంత్రంతో రుద్దితే మూలల దగ్గర అడుగు చెక్క బయటపడుతుంది, దానికి మందు లేదు. చాలాసార్లు అసలు తీయాల్సిన పనే ఉండదు. పొగ, మురికి పట్టి నల్లబడిన పాలిష్‌ను శుభ్రం చేస్తే కింద బంగారు రంగు దాక్కుని ఉంటుంది. అది ఏ పాలిష్ అన్నది కనిపించని మూల పరీక్షించాలి: స్పిరిట్‌కు మెత్తబడితే లక్క. లక్క అయితే కొత్త లక్క పాతదానిలో కరిగి కలుస్తుంది, గీకక్కర్లేదు.

బయటి పాత రంగులో సీసం ఉంటుందనే అనుకుని పని మొదలుపెట్టాలి. పొడిగా రుద్దకూడదు, తడిపి గీకాలి, రాలినదంతా పట్టుకుని మూట కట్టాలి, సరైన ముసుగు పెట్టుకోవాలి. హీట్ గన్ వాడితే అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన 1,100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 590 డిగ్రీల సెల్సియస్ హద్దు దాటకూడదు, దాటితే సీసం ఆవిరి అవుతుంది. ఎంత తీసినా, పెట్టెకు రెండు పక్కలా అరచేయంత చోట పాత పొరలన్నీ అలాగే ఉంచి, మీద కొత్త రంగు వేయాలి. రేపు పరీక్షించేవాళ్లకు అదొక్కటే ఆధారం.

కప్పు గురించి ఒక్క మాట. ఒకదాని అంచు ఇంకొకదానిలో దిగే నాలుక-గాడి పలకల మీద రంగు పరిచి కాన్వాస్ లాగి బిగించే పాత కప్పు చిరిగితే కాన్వాస్ మార్చండి, పలకలు ఉంచండి. కాన్వాస్ పైనే ఇనుప రేకు కొట్టడం తాత్కాలికంగా చౌక. రేకు కింద చెమ్మ పట్టి పలకలు, వంపు కర్రల కొసలు కనపడకుండా కుళ్లుతాయి.

ఇవన్నీ తెలిసిన వడ్రంగులు లేరా అంటే ఉన్నారు. పని అప్పగించే కాగితమే వాళ్ల చేతులు కట్టేస్తుంది. అంచనాలో కొత్త కలప ఘనపుటడుగుకు ఇంత, పలకల పని చదరపుటడుగుకు ఇంత అని రాసినప్పుడు, రెండు రోజులు కూర్చుని ఒక గుంజ అడుగు అతికినవాడికి కూలి గిట్టదు. గుంజ పీకి కొత్తది పెట్టినవాడికే బిల్లు వస్తుంది. మరమ్మతు పనికి గంటల లెక్కన చెల్లింపు ఉండాలి. ప్రతి భాగానికీ నాలుగు గడుల పట్టిక తయారుకావాలి: ఉన్నది ఉన్నట్టు, అతికినది, మార్చినది, మార్చడానికి కారణం. నాలుగో గడి ఖాళీగా ఉంటే మూడో గడిని ఒప్పుకోకూడదు. తీసిన చెక్కను పర్యవేక్షకుడు చూసి సంతకం పెట్టనిదే షెడ్డు దాటనివ్వకూడదు.

పట్టాల మీద ప్రయాణికులతో నడిచే పెట్టె సంగతి వేరని మాకూ తెలుసు. అడుగు దూలం, లాగుడు బరువు పడే కొస దూలాలు, బ్రేకు సామాను వేలాడే చోట్ల భద్రత ముందు, చెక్క తర్వాత. అక్కడ కూడా మార్చేముందు ఒక దారి ఉంది: పాత దూలానికి పక్కన ఉక్కు పట్టీని, కుదిరినంతవరకు పాత బెజ్జాల గుండానే బోల్టులతో బిగించడం. బరువు ఉక్కు మోస్తుంది, దూలం చోటులో దూలం ఉంటుంది, రేపు విప్పితే మచ్చ ఉండదు. ఓక్ పక్కనైతే స్టెయిన్‌లెస్ వాడాలి. అదీ సాధ్యం కాక మార్చవలసి వస్తే, తీసిన దూలాన్ని కొలిచి, గీసి, సంకేతం గుద్ది, నేలకు ఆనకుండా అడ్డ కర్రల మీద, మధ్యమధ్య చెక్క పట్టీలు పెట్టి, పెట్టె ఉన్న ఆవరణలోనే నీడన భద్రపరచాలి. చోటు చాలదంటే కనీసం ప్రతి రకానికీ ఒకటి, కుసి, బెజ్జం, బోల్టు గుర్తులతో సహా. పొడవు ఎక్కువైందని మధ్యకు కోసి పేర్చడం మాత్రం వద్దు. అతుకు ఉన్న కొసలే అందులో చూడదగ్గవి, ముందుగా రంపం పడేదీ వాటి మీదే.

ఇట్లు,
పాత రైలు పెట్టెల వడ్రంగం, సంరక్షణ పనుల్లో ఉన్న కొందరు